సింహాయంలో పడ్డ కంప్యూటర్

మా అక్క లెక్కల టీచర్. ఇల్లు భూపాలపల్లిలో, బడి ఘనపూర్ మండలంలో. పుట్టినప్పటి నుంచి ఆమె నోట ఒక్క అబద్ధం రాలేదు. చిన్నప్పుడు నేను బాపు రేడియోను విప్పి మళ్లీ బిగించలేక బియ్యం డబ్బాలో దాచినప్పుడు, నోరు మూసుకోమని అక్కకు రెండు జామకాయలు లంచమిచ్చాను. రెండూ తిని, గింజలు ఉమ్మి, బాపుకు నిజం చెప్పింది. అంతటి మనిషి నా కోసం జీవితంలో మొదటిసారి నియమం తప్పింది. ఆ తప్పిన నియమాన్ని సరిదిద్దే బాధ్యత నా నెత్తిన పడింది.

జరిగింది ఇదీ. వాళ్ల స్టాఫ్ రూంలో సోషల్ సార్ ఒకాయన ఉన్నారు. ఆయన మేనల్లుడికి కంప్యూటర్ ఉద్యోగం. ఆ మేనల్లుడు పొద్దున లేచి పళ్లు తోముకున్నా స్టాఫ్ రూంలో ప్రకటన వెలువడుతుంది. ఒకరోజు మా అక్క తట్టుకోలేక, "మీ అల్లుడు కంప్యూటర్ ముంగట కూసుంటడు సార్. మా తమ్ముడు కంప్యూటరే తయారు చేసిండు" అనేసింది.

"ఎవలు, జనగామల టీవీలు బాగుచేసే తమ్ముడా?" అన్నారట ఆయన. "టీచరమ్మా, రిపేర్ చేసుడు వేరు, తయారు చేసుడు వేరు. సైన్స్ డే నాడు పట్కరమ్మనుండ్రి, చూద్దాం."

సాయంత్రం నాకు ఫోన్.

"తమ్మీ, నువ్వు చెప్పిన ఆ కంప్యూటర్ అయిపోయిందా?"

"అయితాంది అక్కా."

"అయిపోయిందని చెప్పిన. ఆరు వారాలున్నయి. నా మాట పోవద్దు."

ఫోన్ పెట్టేసి బల్ల వైపు చూశాను. నా కంప్యూటర్ అప్పటికి ఒక గుట్ట. చిల్లులున్న తెల్లటి ప్లాస్టిక్ పలక, ఆ చిల్లుల్లో గుచ్చిన రంగురంగుల తీగలు. పెళ్లి వంటలో తిరగబడ్డ సేమ్యా గిన్నెలా ఉండేది. మధ్యలో బొటనవేలి గోరంత చిప్పు. ఒక పక్క కీబోర్డు, ఇంకో పక్క పాత టీవీ తగిలిస్తే, తెర మీద 'సిద్ధం' అని తెలుగులో వచ్చేది. లెక్క టైపు చేస్తే జవాబు చెప్పేది, గీత గియ్యమంటే గీసేది. తెలుగులో 'సిద్ధం' అని పలికిన మొట్టమొదటి కంప్యూటర్ ప్రపంచంలో నాదేనని నా పరిశోధనలో తేలింది. పరిశోధన జరిగిన చోటు మా దుకాణం ముందున్న టీ బండి. అయితే గోడ మీది బల్లి ఆ తీగల మీదుగా నడిచినప్పుడల్లా తెర మీద లెక్కల జవాబులు మారిపోయేవి. దాన్ని సంచిలో వేసుకుని ఘనపూర్ పోవడమంటే, సేమ్యాను చేత్తో పట్టుకుని బస్సెక్కడమే. దానికొక సొంత బోర్డు కావాలి, ఆ బోర్డుకొక పెట్టె కావాలి.

ముప్పై ఏళ్లుగా జనగామలో టీవీలు, మోటార్ల స్టార్టర్లు, ఇన్వర్టర్లు బాగుచేస్తున్నాను. నా చేతిలో మళ్లీ ప్రాణం పోసుకున్న టీవీలను వరుసగా పేరిస్తే రఘునాథపల్లి దాకా వస్తాయి. ప్రాణం పోసుకోనివి కూడా కొన్ని ఉన్నాయి, వాటిని పేర్చను. ఇన్నేళ్లలో పట్టుకున్న ప్రతి బోర్డూ ఎవరో గీసింది. ఎవరో మహానుభావుడు ఎక్కడో కూర్చుని గీస్తే, నేను ఇక్కడ కూర్చుని అతను ఎక్కడ తప్పు చేశాడో వెతికి తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్లు తినే కుర్చీలో నేను కూర్చోవాలి.

కూర్చున్నాను. బోర్డు గీయడమంటే ఊరు కట్టడం. చిప్పు ఊరి నడిమధ్య ఉండాలి. దానికి తాళం వేసినట్టు టకటకమని లయ అందించే చిన్న స్ఫటికం ఒకటి ఉంటుంది, అది చిప్పు పక్కింట్లోనే ఉండాలి, వీధి అవతల ఉంటే లయ తప్పుతుంది. కరెంటు లోపలికి వచ్చే దారి వెడల్పుగా ఉండాలి. కీబోర్డు తీగలు, టీవీ తీగలు ఒకదాన్నొకటి తాకకూడదు. మొత్తం నూట పన్నెండు తీగలు. మొదటి రోజు అవి బొమ్మ గీసే పాత ల్యాప్‌టాప్ తెర మీద పాలకుర్తి సెంటర్లో సాయంత్రం పూట ఆటోల్లా అన్నీ ఒకేచోట ఇరుక్కున్నాయి. ఎవరూ వెనక్కి తగ్గరు, అందరికీ ముందుకే పోవాలి. ఒక్కొక్కదాన్ని బతిమాలి, బెదిరించి, పక్కకు తప్పించి, రెండు వారాల్లో నూట పదకొండింటికి దారి చూపించాను. నూట పన్నెండోది మొండికేసింది. కీబోర్డు నుంచి చిప్పుకు పోవాల్సిన ఒక్క తీగ. ఎటు చూసినా గోడ.

మా ఆవిడ మిషను కూడా మా దుకాణంలోనే, పక్క కిటికీ దగ్గర. ఊళ్లో సగం జాకెట్లు అక్కడే పుడతాయి. మూడు రోజులు నన్ను ఓర్చుకుని, నాలుగో రోజు కాజా కుడుతూ తలెత్తకుండానే అడిగింది.

"ఏందయ్యా, మూడు దినాల సంది ఒక్క గీతనే జూస్తున్నవు?"

"దారి లేదే. ఎటు పోయినా ఇంకో తీగ అడ్డం వస్తాంది."

"ఆ బిళ్లకు అడుగు పక్క లేదా?"

"ఉన్నది."

"అడుగు పక్కకు దిగి, రెండు పోట్లు పోయి, మల్ల మీదికెక్కు. నేను కాజా కుట్టేటప్పుడు దారం మొత్తం మీదికెల్లే తీస్తాన్నా?"

బోర్డుకు రెండు వైపులుంటాయని నాకు తెలియక కాదు. అడుగు వైపంతా ఎక్కడా చీలిక లేకుండా ఒకటే రాగి రేకులా ఉంచాలని ఒట్టు పెట్టుకున్నాను. అలా ఉంచితే చిప్పు మనశ్శాంతిగా పనిచేస్తుందని చదివాను. చిప్పు మనశ్శాంతి కోసం నా మనశ్శాంతి పోయి మూడు రోజులైంది. అడుగున రెండు పోట్లంత దూరం తీగ పోతే చిప్పుకేమీ కాదని ఆమె చెప్పాక తెలిసింది. చిన్న చిల్లు, కిందికి దిగడం, మళ్లీ చిన్న చిల్లు, పైకెక్కడం. అయిపోయింది. ముప్పై ఏళ్ల అనుభవం పక్కన కిటికీ దగ్గర కూర్చున్న పాతికేళ్ల అనుభవం ముందు నోరు మూసుకుంది.

"కూలి?" అంది ఆమె.

ఆ చిల్లు పక్కన తెల్ల సిరాతో బియ్యపు గింజంత సూది బొమ్మ గీశాను. బోర్డు అంచున 'జనగామలో గీసినది' అని రాశాను. కొలత సరిగ్గా ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు. బోర్డులు అచ్చుపోసే వాళ్లకు ఆ బొమ్మ పంపిస్తే, ఒకటి చేయము, తక్కువలో తక్కువ ఐదు చేస్తామన్నారు. రెండు వారాలకు పార్శిల్ వచ్చింది. ఆకుపచ్చని బోర్డులు, తళతళలాడే రాగి బొట్లు. విప్పిన వెంటనే టీ బండి దగ్గరికి తీసుకుపోయి అందరికీ చూపించాను. టీ బండాయన చేతులు తుడుచుకుని మరీ పట్టుకున్నాడు. రెండు రోజులు కూర్చుని సామాన్లన్నీ అతికించి, టీవీకి తగిలించి, స్విచ్ వేశాను. 'సిద్ధం' అంది. ఆ క్షణంలో మా వీధిలో ఫ్యాన్లన్నీ గౌరవంగా ఒక్కసారి నెమ్మదించాయని నేను ఇప్పటికీ చెబుతుంటాను. మా ఆవిడ మాత్రం అది ఎదురింటి పిండిగిర్ని మోటారు వేసినందువల్ల అంటుంది.

ఇక పెట్టె. మాది వడ్రంగుల ఇల్లు, అందులో ఉలి పట్టకుండా తప్పించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఆవిడ అన్న మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, దర్వాజలు చేస్తాడు. ఆయన చేసిన దర్వాజ తలుపును వేలితో తోస్తే, అవతలి గోడకు తాకే ముందు తనంతట తానే ఆగుతుంది. బోర్డు వచ్చిన రోజే దాని కొలతలు కాగితం మీద గీసి ఆయనకు పంపించాను. పెట్టె లోపలి కొలత ఆరు, నాలుగు. మిల్లీమీటర్లంటే మా బావకు చీమల భాష కాబట్టి అంగుళాల్లోనే రాశాను. ఎడమ గోడకు కరెంటు రంధ్రం, వెనక గోడకు టీవీ రంధ్రం, కుడి గోడకు కీబోర్డు రంధ్రం. పెట్టె అడుగున బోర్డును బిగించడానికి నాలుగు బుడిపెలు. కూల్చేసిన ఏదో పాత ఇంటి టేకు గడప ముక్క ఒకటి తన దగ్గర ఉందని, దానితోనే చేస్తానని ఫోన్లో చెప్పాడు.

సైన్స్ డేకి ఐదు రోజుల ముందు, బోర్డును తువ్వాలలో చుట్టుకుని మానుకోట రైలెక్కాను. బావ పెట్టెను బల్ల మీద పెట్టి, పైనున్న గుడ్డ తీశాడు. ఏం చెప్పమంటారు! మూలలు రెండు చేతుల వేళ్లు కలిపి పట్టుకున్నట్టు ఒకదానిలో ఒకటి దూరిపోయాయి, మేకు జాడ లేదు. మూత పక్కకు జరిపితే వెన్నలో కత్తిలా జారింది. టేకు గీతలు ముందు గోడ నుంచి పక్క గోడకు తెగకుండా తిరిగాయి. దేశాధ్యక్షుల బల్లల మీద కూడా ఇలాంటి పెట్టె ఉండదు, ఉంటే వాళ్లు సంతకాలు మానేసి మూత జరుపుతూ కూర్చుంటారు.

తువ్వాల విప్పి బోర్డును లోపల పెట్టాను. టప్పుమని అడుగుకు పోయింది. నాలుగు వైపులా అరంగుళం ఖాళీ. బుడిపెలు బోర్డు కిందికి రాలేదు. కరెంటు, టీవీ, కీబోర్డు, మూడూ గోడలకు అరంగుళం లోపలే నిలబడి రంధ్రాల వైపు దిగులుగా చూస్తున్నాయి.

"బావా, ఆరు నాలుగు రాసిన గదా? గిదేంది?"

"ఏడు ఐదు చేసిన."

"ఎందుకు?"

బావ బీడీ పక్కన పెట్టి, నేను ఇంకా బడికి పోని పిల్లాణ్ణైనట్టు చెప్పాడు. "ఆరు నాలుగుల ఎంత? ఇరవై నాలుగు. తొమ్మిదితోని పెంచు, ఎనిమిదితోని కొట్టు. ఏం మిగిలింది?"

"ఏం మిగల్లే."

"ఏం మిగలకుంటే వాస్తుల అది కాకాయం. కాకి! ఇంట్ల పైస నిలవది, మనిషి నిలవడు. గందుకే ఏడు ఐదుల ముప్పై ఐదు చేసిన. పెంచి కొడితె మూడు మిగులుతది. సింహాయం! ఇగ నీ కంప్యూటర్‌కు ఎదురు లేదు పో."

"బావా, గది ఇంటికి సూస్తరు. గిది డబ్బ!"

"నాలుగు గోడలున్నయి, కప్పున్నది, దర్వాజలు మూడున్నయి. ఇల్లు గాకుంటే ఏంది? లోపల ఎవ్వలు ఉండరా?"

"చిప్పు ఉంటది."

"అగో, ఉండెటోడు ఉన్నడు గదా."

తప్పు ఆయనది కాదు, నాదే. దర్వాజ కొలత తీసుకున్న ప్రతిసారీ ఆయం చూడకుండా ఉలి పట్టని ఇంట్లో పుట్టాను. మా బాపు మంచానికి కూడా ఆయం చూసేవాడు. ఇన్నేళ్లు టీవీల మధ్య ఉండి, వడ్రంగి చేతికి కొలత ఇచ్చే ముందు ఎనిమిదితో కొట్టి చూసుకోవాలన్న సంగతే మరిచాను. బోర్డు గీసేటప్పుడే ఏడు, ఐదు గీసి ఉంటే నూట పన్నెండు తీగలూ చేతులు చాపుకుని నడిచేవి.

"ఇంకోటి చేస్తవా?"

"చెక్క అయిపోయింది. ఉన్నా కూడ కాకాయంల నా చేతితోని చెయ్య. అక్కకు తీస్కపోతున్న సామాను, గట్లెట్ల చేస్త?"

అదీ నిజమే. ఆ పెట్టె నాది కాదు, అక్క మాటది. కొత్త బోర్డు పోయించడానికి రెండు వారాలు కావాలి, ఉన్నది ఐదు రోజులు. పెట్టెను ఒళ్లో పెట్టుకుని తిరుగు రైల్లో జనగామ వచ్చాను. దారి పొడుగునా బోర్డు లోపల అటూ ఇటూ జారి టకటకమంది.

మరునాడు పొద్దున లేచి బుద్ధి తెచ్చుకున్నాను. పెట్టె ఇల్లయితే, ఇంటికి వసారా వేయొచ్చు. బోర్డుకు మూడు వైపులా అరంగుళం వెడల్పు పట్టీలు అతికించి, ఆ మూడింటినీ బోర్డు మీంచి పీకి పట్టీల మీద పెడితే, రంధ్రాల దగ్గరికి సరిగ్గా వస్తాయి. పట్టీలను ఇంట్లోనే చేయాలి. తీగల బొమ్మను జిరాక్స్ దుకాణంలో నున్నటి కాగితం మీద అచ్చు వేయించి, రాగి పూత ఉన్న పలక మీద బోర్లించి, ఇస్త్రీ పెట్టెతో కాల్చితే నల్ల గీతలు రాగికి అంటుకుంటాయి. తర్వాత గోధుమ రంగు మందు నీళ్లలో ముంచితే గీతలు లేని రాగంతా కరిగిపోతుంది.

"నా ఇస్త్రీ పెట్టె ఇయ్య," అంది మా ఆవిడ. "నువ్వు మాడగొడ్తవు. నేనే చేస్త."

ఆమె ఇస్త్రీ చేసింది. నేను కాగితం పట్టుకున్నాను. ఆమె చెయ్యి కదల్లేదు, నా వేలు కాలి నేను కదిలాను. మందులోంచి పట్టీలు తీసి చూస్తే గీతలు నిటారుగా లేవు. ఒకటి కల్లు తాగి ఇంటికి పోయే మనిషిలా నడిచింది. ఇంకోటి మధ్యలో ఏదో గుర్తొచ్చి ఆగి, మళ్లీ బయలుదేరినట్టుంది. అయినా ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఒకదాన్నొకటి తాకలేదు. తగిలించి స్విచ్ వేస్తే 'సిద్ధం'.

బోర్డును చూస్తే గర్వం, పెట్టెను చూస్తే గర్వం, మధ్యలో ఆ మూడు పట్టీలను చూస్తే మొహం చెల్లలేదు. అక్క పరువు కోసం పోతున్న సామానులో వంకర గీతలా? వాటి మీద నల్ల టేపు చుట్టేశాను. ఇక ఎవరు చూసినా దోషం వెతకలేరు.

సైన్స్ డే ముందు రోజు హన్మకొండలో బస్సు మారి భూపాలపల్లి చేరాను. బొగ్గు లారీలు తవ్విన ప్రతి గుంటలోనూ బస్సు దిగి ఎక్కింది. పెట్టెను కడుపుకు హత్తుకుని కూర్చున్నాను. పక్కనున్న అవ్వ నా మొహం చూసి, "పైలం బిడ్డా, బంగారమా?" అని అడిగింది. "అంతకన్న ఎక్కువనే అవ్వా" అన్నాను. ఆమె సంచి తీసి ఒళ్లో పెట్టుకుని నాకు చోటిచ్చింది.

మరునాడు బడిలో ఒక గదిలో బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, అక్క పెట్టెను పెట్టింది. ముందు ఒక అట్ట, దాని మీద అక్క ముద్దు అక్షరాల్లో 'మా తమ్ముడు తయారు చేసిన కంప్యూటర్'. బడి టీవీకి తగిలించాను. 'సిద్ధం' అని రాగానే పిల్లలు కేకలు పెట్టారు. ఒక పిల్ల పెద్ద భాగహారం ఇచ్చింది, రెప్ప కొట్టేలోగా జవాబు వచ్చింది. ఇంకో పిల్ల మూత జరిపి బోర్డు మీది అక్షరాలు చదివి, "సార్, జనగామల కూడ గీస్తరా?" అని అడిగింది. నేను కనీసం నాలుగంగుళాలు పెరిగాను.

అప్పుడు సోషల్ సార్ వచ్చారు. కళ్లజోడు పైకి జరిపి, మూత జరిపి, మళ్లీ మూసి, మళ్లీ జరిపి చూశారు. చాలాసేపు చూశారు.

"మంచిగున్నది," అన్నారు. "ఏడ కొన్నరు?"

"కొనలే సార్, చేసిన."

"గింత నున్నటి డబ్బ, గింత సన్నటి గీతలు, పైనకెల్లి అచ్చు అక్షరాలు. చూస్తెనే కంపెనీ మాల్ అని ఎర్కయితాంది. ఊరి పేరు రాయించుకున్నరు, గంతే. టీచరమ్మా, మీ తమ్ముడు మంచోడే, మిమ్ముల సంబురపెట్టాలని తెచ్చిండు. గదాంట్ల తప్పు లేదు."

అక్క మొహం ఎర్రబడింది. పిల్లలు ఆమె వైపు చూశారు. లెక్కల టీచర్ అబద్ధం చెప్పిందా అన్న ప్రశ్న ఆ గదిలో గాలిలా తిరిగింది.

నేను చిప్పు గురించి చెప్పాను, స్ఫటికం గురించి చెప్పాను, నూట పన్నెండు తీగల గురించి ఒక్కొక్కటి చెప్పబోయాను. "గివన్ని కంపెనీ బుక్కుల రాసి ఉంటయి" అన్నారు ఆయన. మొత్తం విప్పి మళ్లీ బిగించి చూపిస్తానన్నాను. "రిపేర్ చేసెటోడు ఎవలదైన ఇప్పుతడు, ఎవలదైన బిగిస్తడు. గది నాకు ఎర్కలేదా?" అన్నారు. ప్రపంచంలో ఎవరికీ ఇలాంటి కష్టం వచ్చి ఉండదు. సామాను బాగా కుదిరినందుకు నేను దొంగనయ్యాను.

అక్క వంగి పెట్టె లోపలికి చూసింది.

"తమ్మీ, ఆ నల్ల టేపు ఏందిర?"

"ఏం లేదక్కా."

"ఏం లేకుంటే ఎందుకు చుట్టినవు? తియ్యి."

"అక్కా, వద్దు. మంచిగుండది."

"స్టెప్పులు దాచి జవాబు రాస్తే నేను పిల్లలకే మార్కులు ఎయ్య. నీకేస్తనా?" అంటూ తనే గోరుతో టేపు లాగేసింది.

మూడు పట్టీలూ బయటపడ్డాయి. కాలిన మచ్చలు, తడబడే గీతలు, ఒక మూల నా వేలిముద్ర. సోషల్ సార్ ముక్కు పట్టీకి తగిలేంత దగ్గరికి వంగారు.

"గిదేంది, గీత గిట్ల ఊగుకుంట పోతాంది?"

"ఇస్త్రీ చేసేటప్పుడు నా వేలు కాలింది సార్."

"ఇస్త్రీ పెట్టెతోని చేసినవా? ఎందుకు?"

"మా బావ డబ్బను సింహాయంల చేసిండు. బోర్డు అందలే. వసారా ఏసిన."

ఆయన నిటారుగా లేచి, నా కాలిన వేలు పట్టుకుని చూశారు. పట్టీని చూశారు. వేలును చూశారు. ఇక నవ్వు ఆపుకోలేదు. ఆ నవ్వుకు పక్క గదిలోంచి హిందీ టీచర్ తొంగి చూసింది.

"ఏ కంపెనోడు ఆయం చూసి డబ్బ చేస్తడు, ఏ కంపెనోడు ఇస్త్రీ పెట్టెతోని గీతలు కాలుస్తడు! ఒప్పుకున్న టీచరమ్మా. గిది మీ తమ్ముడు చేసిందే." పిల్లల వైపు తిరిగి, "దగ్గరికి రాండ్రి, గీ పట్టీలు చూడుండ్రి" అన్నారు.

ఆ తర్వాత పిల్లలు వరుసగా వచ్చి తెర కంటే పట్టీలనే ఎక్కువ చూశారు. నేను టేపు చుట్టిన చోటే అందరి వేళ్లూ ఆగాయి. అక్క బల్ల పక్కన నిలబడి, ఏ గీత ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో పిల్లలకు తనే చెప్పసాగింది. నన్ను అడగనే లేదు. కొంత తప్పు చెప్పింది. నేను సరిదిద్దలేదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూంలో నాకు కిటికీ పక్కన కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. సోషల్ సార్ తన కుర్చీ జరుపుకుని దగ్గరికి వచ్చారు. మేనల్లుడి మాట ఎత్తలేదు.

"అన్నా, మా ఇంట్ల ఇన్వర్టర్ పది దినాల సంది కుయ్‌కుయ్ మంటాంది. ఈన్నే, ఘనపూర్లనే ఇల్లు. పోయేటప్పుడు జర చూస్తవా?"

ముప్పై ఏళ్ల అలవాటు కదా, నా చెయ్యి అప్పటికే జేబులోంచి టెస్టర్‌ను సగం బయటికి తీసింది. అక్క కాపీలు దిద్దుతూనే చెయ్యి చాపి, ఆ టెస్టర్ తీసుకుని, తన సుద్దముక్కల డబ్బాలో వేసి మూత పెట్టింది.

"ఇయ్యాల మా తమ్ముడు రిపేర్లు చెయ్యడు సార్" అంది.